ఆదివారం నాటి ఉల్లివాసన

మా అపార్ట్‌మెంటు మెట్లెక్కుతూ, ఏ తలుపు వెనకాల ఏం వండుతున్నారో ముక్కుతోనే చెప్పేయగలను. మూడో అంతస్తులో ఉల్లిపాయలు వేగుతుంటే ఆ మూకుట్లో ఎన్ని పచ్చిమిరపకాయలు పడ్డాయో కూడా చెప్పగలను. మిరపకాయల మాట నమ్మకండి. మెట్ల మాట కూడా నమ్మకండి. నా మోకాళ్ళు మెట్లెక్కడం మానేసి చాలాకాలమైంది, లిఫ్టులోనే తిరుగుతాను. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ అంతస్తు వంట లోపలికొచ్చి నా పక్కన నిలబడుతుంది. అంతవరకూ నిజం.

మొన్నొక ఆదివారం, అరసవల్లి గుడినుంచి ప్రసాదం పొట్లంతో వస్తున్న పెద్దావిడ ఒకామె నాతోపాటు లిఫ్టెక్కింది. మూడో అంతస్తులో తలుపు తెరుచుకోగానే గుప్పుమని ఉల్లివాసన కొట్టింది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఆదోరం పూటా ఇదేటండీ వీళ్ళకి?" అంది. అని ఊరుకోలేదు. నా చేతిలో సంచీ వైపు చూసింది. తర్వాత నా వేళ్ళ వైపు చూసింది. సంచీలో ఉన్నవి బీపీ మాత్రలు. అయినా సంచీని వెనక్కి దాచుకున్నాను. ఆ చూపు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు ఒక చలికాలమంతా మా ఇంట్లో అందరం ఆ చూపు కిందే బతికాం.

మాది ఆమదాలవలసకి ఎడ్లబండి దూరంలో ఉన్న పల్లె. ఇంట్లో తాత, మామ్మ, నాన్న, అమ్మ, నేను. మామ్మంటే నాన్నని కన్న తల్లి. వంటిల్లు ఆవిడది. ఇల్లు తాతది, పొలం నాన్నది, చాకిరీ అమ్మది, వంటిల్లు మాత్రం మామ్మది. పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నం దాకా లేచేది కాదు. అమ్మ బయటినుంచి నీళ్ళూ పుల్లలూ తరిగిన ముక్కలూ అందిస్తే మామ్మ లోపల కూర్చుని వాటిని కూర చేసేది. ఉల్లిపాయ తరగడం అమ్మ పని, వేయించడం మామ్మ పని. ఆ హద్దు ఎవరూ దాటడానికి లేదు.

మామ్మ వేయించిన ఉల్లిపాయ వాసనకి రైలు ఆగిపోయేదని నా మనవలకి చెప్తుంటాను. రైలు మా ఊరి దరిదాపుల్లోకి కూడా రాదు. కానీ వీధిలో పోయేవాళ్ళు మా గుమ్మం దగ్గర నడక తగ్గించేవారు, అది నేను చూశాను. చిన్న ఎర్ర ఉల్లిపాయల్ని చీల్చకుండా నెత్తిమీద నాలుగు గాట్లు పెట్టి, నూనెలో వేసి, ఇక కదపకుండా కూర్చునేది. అమ్మ ఎప్పుడైనా తొంగిచూస్తే, "తొందరపడీవోల్ల ఉల్లిపాయ నీరొదిలీస్తాదే. దాని మానాన దాన్ని వొగ్గీ" అనేది. అడుగు ఎర్రబడ్డాక చింతపండు పులుసు, బెల్లం ముక్క, ఆఖర్న కాసింత వరిపిండి. ఆ పులుసు మర్నాడు చద్దన్నంలోకి ఇంకా బాగుండేది. ఎండు రొయ్యపొట్టు దొరికిన రోజున ఉల్లిపాయలతో కలిపి వేపుడు చేసేది. అప్పుడు తాత పొలంలో ఉన్నా సరే, పిలవకుండానే ఇంటికి వచ్చేసేవాడు.

అలాంటి ఇంట్లోకి ఒక నియమం వచ్చి పడింది.

ఆ ఏడు నూర్పుళ్ళలో తాత కంట్లో ధాన్యం నూగు పడింది. కన్ను నలిపీ నలిపీ ఎర్రజేసుకున్నాడు. నాలుగు రోజులు పోయాక నల్లగుడ్డు మీద తెల్లగా మచ్చ కట్టింది. "పువ్వేసీసినాది" అన్నారు చూసినవాళ్ళు. మామ్మ బండి కట్టించుకుని అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుని వచ్చింది. కన్ను తేటపడేదాకా ప్రతి ఆదివారం తాను ఉప్పూ నూనే నోట పెట్టదు, ఒంటిపూట తింటుంది. ఇంట్లోవాళ్ళకి అంత కఠినం లేదుగాని, ఆ రోజు నీసూ, వెల్లుల్లీ, ఉల్లిపాయా గడప దాటి లోపలికి రాకూడదు. వస్తే మొక్కు చెడుతుంది. మొక్కు చెడితే కన్ను పోతుంది. మామ్మ లెక్క అంత సూటిగా ఉండేది.

శనివారం సందెవేళ ఉల్లిపాయల బుట్టని పశువుల శాలలోకి మోసుకుపోయి దూలానికి వేలాడదీయడం నా వంతు. బండెడు ఉల్లిపాయలుండేవి. బుట్టెడు అంటే సరిపోతుంది. సోమవారం పొద్దున్నే దాన్ని వెనక్కి తెచ్చేసరికి మామ్మ అప్పటికే మూకుడు పొయ్యి మీద పెట్టి ఉండేది. ఆదివారం ఊరుకున్న పాపానికి సోమవారం రెట్టింపు ఉల్లిపాయలు తినేవాళ్ళం. మొక్కు మొదలయ్యాక మా ఇంట్లో ఉల్లిపాయలు ఎక్కువే ఖర్చయ్యాయని అమ్మ నవ్వేది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు సాగలేదు.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, తాత భోజనానికి కూర్చునే వేళకి, ఇంట్లో ఉల్లివాసన వచ్చింది. సన్నగా కాదు, దర్జాగా వచ్చింది. అమ్మ పెరట్లో నూతి దగ్గర గిన్నెలు తోముతోంది. నాన్న అరుగు మీద ఎడ్ల పలుపు పేనుతున్నాడు. మామ్మ వంటింట్లోంచి లేచి వచ్చింది. ముక్కు పైకెత్తి, నడవంతా తిరిగి, పెరటి గుమ్మంలో నిలబడింది.

"ఒలే, ఏటే ఆ వాసన?"

"ఏ వాసనత్తా?"

"ఏ వాసనో నాను సెప్పాలా? నీ ముక్కు పుట్టింట్లో వొగ్గీసొచ్చినావా?"

అమ్మ తడిచేతులు రెండూ చాచి చూపించింది. "నాను ముట్టనేదత్తా. సూడు. బూడిదా, సింతపండూ."

మామ్మ ఆ చేతులు పట్టుకుని వాసన చూసింది. వదిలేసింది. కానీ నమ్మలేదు. అమ్మ పుట్టిల్లు విజయనగరం. కోట దగ్గర వీధిలో పెరిగిన పిల్ల. బస్తీ మనుషులకి నియమాలుండవని మామ్మకి ముందునుంచీ ఒక అభిప్రాయం. కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు అమ్మ ఒకసారి ఉల్లిపాయ పకోడీ తిననిదే సాయంత్రం తోచదని అన్నదట. నేను పుట్టి బడికి పోతున్నా ఆ మాట మామ్మ మర్చిపోలేదు.

తర్వాతి ఆదివారమూ అదే వేళకి అదే వాసన. ఆ పై ఆదివారమూ అంతే.

అప్పుడు మామ్మ నన్ను పిలిచి గూఢచారిగా పెట్టుకుంది. మురీ ఉండ చేతిలో పెట్టి, అదే, మరమరాల ఉండ, గొంతు తగ్గించి చెప్పింది. "మీయమ్మ యెనకాల తిరుగు. ఎక్కడకెల్తాదో, కొంగులో ఏటి మూటగడతాదో సూసి నాకు సెప్పు. మీ తాత కన్నురా. ఆట కాదు."

నేను ఉండ తింటూ అమ్మ వెనకాల తిరిగాను. నూతి దగ్గర అమ్మ వెనక్కి తిరిగి, "నీ మామ్మ ఏటిచ్చినాది?" అంది.

"మురీ ఉండ."

"నాను బెల్లప్పాకం సేస్తాను గానీ, ఆవిడ ఎవుల్ని ఏటంటందో నాకొచ్చి సెప్పు."

అలా ఇద్దరి దగ్గరా కొలువు సంపాదించాను. అటు ఉండలు, ఇటు పాకం. ఆ చలికాలంలో నాకు కొత్త లాగులు పట్టనంత ఒళ్ళొచ్చింది. లాగులు పాతవి, ఎదిగే వయసు. ఒళ్ళు రాలేదు.

గూఢచారి అన్నాక ఊరికే కూర్చోకూడదు కదా. శనివారం శాలలో బుట్ట వేలాడదీసి, పైన ఉల్లిపాయల మీద వేపపుల్ల ఒకటి అడ్డంగా పెట్టాను. ఎవరు చెయ్యి పెట్టినా పుల్ల కదలాలి. ఆదివారం మధ్యాహ్నం వాసన రాగానే పరుగెత్తుకెళ్ళి చూశాను. పుల్ల పెట్టింది పెట్టినట్టే ఉంది. నా అనుమానం అక్కడితో తగ్గాలి. ఇంకా పెరిగింది. బుట్టలోవి కాకపోతే ఎవరో ఇంకెక్కడో దాచారన్నమాట. బియ్యం గోలెంలో మోచేతి దాకా చెయ్యిపెట్టి వెతికాను. పిడకల కుప్ప కదిపి తేలు చేత కుట్టించుకున్నాను. తేలు కనిపించింది, కుట్టలేదు. నాన్న చొక్కా జేబు వాసన చూశాను: చుట్ట. పక్కింటి గోడెక్కి వాళ్ళ వంటింట్లోకి తొంగి చూశాను. పక్కింటావిడ ఎండుచేప కాలుస్తోంది. "ఏట్రా గుంటడా, గోడమీద కోతినాగ?" అని పుల్ల విసిరింది. అది తగిలింది. ఇది నిజం.

వంటింట్లోకి వెళ్ళి చూస్తే పోయేది కదా అనొచ్చు మీరు. ఆదివారం స్నానం చేయనివాడికి మామ్మ వంటింటి గుమ్మం దాటనిచ్చేది కాదు. నేను ఆదివారం స్నానం చేసేవాణ్ణి కాదు. ఒక గొప్ప నేర పరిశోధన నా బద్ధకం వల్ల ఎన్ని వారాలు సాగిందో చూడండి.

ఈలోగా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అమ్మ పుల్లలు తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేది, లోపలికి అందించేది కాదు. మామ్మ అమ్మ తరిగిన ముక్కల్ని మళ్ళీ ఒకసారి కడిగేది. సోమవారాలు ఉల్లిపాయ పులుసు వండినా ఎవరికీ రుచించేది కాదు. అమ్మ వడ్డిస్తే మామ్మ పళ్ళెం వాసన చూసి తినేది. ఒకరోజు అమ్మ నావైపు తిరిగి, మామ్మకి వినపడేలా, "ఇసం కలిపీనానేమో, నువ్వు కూడా వాసన సూసి తిను" అంది. మామ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక మామ్మ నాన్నని పిలిచింది.

"ఒరే, సెప్తన్నాను ఇను. వొచ్చే ఆదోరం గాని మల్లా ఆ కంపు వొచ్చినాదంటే, నీ పెల్లానికి పొయ్యి వేరెట్టీ. దాని పొయ్యి దానిది, నా పొయ్యి నాది. మీ అయ్య కన్ను నా సేతుల్తో నాను పోగొట్టుకోలేను."

నాన్న తల గోక్కున్నాడు. "అది కాదమ్మా..."

"ఏటి కాదు? నువ్వు దానికేసే మాటాడతావు. నాకు తెలుసు."

పొయ్యి వేరంటే ఏమిటో మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. ముందు పొయ్యి వేరవుతుంది. తర్వాత ధాన్యం గాదె మధ్యన తడిక లేస్తుంది. ఆ తర్వాత పెరటికి రెండో దారి. మా వీధిలోనే ఒక ఇంట్లో అన్నదమ్ముల్లో ఒకడు పోతే రెండోవాడు పాడె మోయలేదు, అది కూడా పొయ్యి దగ్గరే మొదలైంది. నాకైతే ముందు సంతోషమే వేసింది. రెండు పొయ్యిలుంటే రెండు చోట్ల తినొచ్చు. మర్నాడు బడినుంచి వచ్చేసరికి పెరటి చూరు కింద అమ్మ మట్టి తొక్కుతోంది. పొట్టు కలిపిన మట్టితో మూడు దిమ్మలు కట్టి, చేత్తో నున్నగా అలుకుతోంది. ఆదివారం దాకా ఆగలేదు. తలెత్తి చూడలేదు. నేను పక్కన చతికిలబడి, "నానెక్కడ తినాలమ్మా?" అన్నాను.

"నీకు ఎక్కడ బావుంటే అక్కడ తిను."

ఆ మాట అంటున్నప్పుడు అమ్మ గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు భయమేసింది. ఆ వారమంతా తడిపొయ్యి ఎండుతుంటే దాని దగ్గరికి వెళ్ళి వేలితో నొక్కి చూసేవాణ్ణి. ఎండకూడదని నీళ్ళు కూడా చల్లాను, ఒక రోజు. ఎండ దానిపని అది చేసుకుపోయింది.

ఆ ఆదివారం వచ్చింది. అందరం వాసన కోసం చూస్తూ కూర్చున్నాం. నాన్న పలుపు పేనడం ఆపేశాడు. అమ్మ నూతి దగ్గర తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోంది. తాత ఒక్కడే ఏమీ పట్టనట్టు అరుగు మీద గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఆయన కన్ను ఎర్రదనం తగ్గి తేటగానే కనపడుతోంది. ఆ సంగతి ఎవరైనా అంటే, "ఇంకా మసకేరా" అనేవాడు.

వచ్చింది వాసన. వేడి నూనెలో ఉల్లిపాయ చిట్లినప్పుడు వచ్చే కమ్మదనం. నాన్న తలదించుకున్నాడు.

మామ్మ తాతకి కంచం తెచ్చి పెట్టింది. చప్పిడి పప్పు, గుమ్మడికాయ కూర, మజ్జిగ. పక్కన నాలుగు వడియాలు. మొక్కు ఆదివారాల్లో తిండి సయించదని తాత మొదట్లో గొడవ చేస్తే, ఆయన ఒక్కడికోసం బూడిదగుమ్మడి వడియాలు వేయించి పెట్టేది. కిందటేడు పెట్టినవి కొంచెమే మిగిలాయని మాకెవరికీ ఇచ్చేది కాదు. మామ్మ కంచం పెట్టి ముక్కెగరేస్తూ పెరటి వైపు నడిచింది, అమ్మని పట్టుకోవడానికి. తాత నాకు వీపు పెట్టి కూర్చుని కరకరమని నమలడం మొదలెట్టాడు.

వీపు పెట్టి కూర్చున్నాడు. అదే నాకు తట్టింది. మా తాత మామిడిటెంక చీకుతూ కూడా నాకు సగం పెట్టే మనిషి. నోట్లో ఉన్న తాంబూలం అడిగినా ఇచ్చేవాడు. అలాంటివాడు కొన్ని వారాలుగా వడియం ముక్క కూడా నాకు విదల్చడం లేదు. కంచం చేత్తో కప్పుకుని తింటున్నాడు.

పులిలా దూకాను. పిల్లిలా వెళ్ళాననుకోండి. ఆయన భుజం మీంచి చెయ్యి చాచి ఒక వడియం లాక్కుని, అరుగు దిగి దూరంగా పారిపోయి కొరికాను.

"ఉల్లిపాయ! తాత కంచంలో ఉల్లిపాయ! ఉల్లి వడియాలు!"

మామ్మ వెనక్కి వచ్చింది. అమ్మ మసిచేతులతో గుమ్మంలోకి వచ్చింది. తాత నములుతున్నది గుటుక్కున మింగేశాడు.

"ఏటండీ?" అంది మామ్మ.

"నాకేటి తెలుసు? కన్ను కనపడదు కదా నాకు" అన్నాడు తాత.

"నాలిక్కి కూడా పువ్వేసీసినాదేటి మీకు?"

తాత మజ్జిగ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అవి గుమ్మడి వడియాలురా," మామ్మ నామీదకి వచ్చింది. "నా సేత్తో నాను దించీ, నా సేత్తో నాను ఏపినాను. ఏ కుండలోవి ఏటో నాకు తెలవదా? ఎల్లు, ఆ కుండ పట్రా!"

స్నానం చేయకుండానే మొదటిసారి వంటింట్లోకి వెళ్ళాను. అటక మీద రెండు కుండలుండేవి. పక్కపక్కనే, ఒక సైజువే. రెంటి మూతులకీ గుడ్డలు కట్టి ఉండేవి. గుమ్మడి వడియాల కుండకి తెల్లగుడ్డ. ఉల్లి వడియాల కుండకి మామ్మ పాత చీర చెంగు, ఎర్రది. వేసవిలో ఉల్లిపాయలు తరిగి ఉప్పేసి నీరు పిండి, మినప్పిండిలో కలిపి పెరట్లో మంచం మీద ఎండబెట్టినవి. ఎండిపోయాక కుండలో వాసన ఉండదు. నూనె తగిలితేనే లేస్తుంది, అందుకే శనివారం ఆ కుండని శాలకి మోయాలని ఎవరికీ తట్టలేదు. తెల్లగుడ్డ మీద దుమ్ము పేరుకుని ఉంది, ఎర్రగుడ్డ మీద లేదు; నాన్న వచ్చి ఆ ఎర్రగుడ్డ కుండ దించాడు. నేను పట్టుకుని అరుగు మీదకి తెచ్చాను.

"ఇది ఎర్రగుడ్డ కుండ మామ్మా" అన్నాను, గెలిచినవాడి గొంతుతో.

మామ్మ కుండ ఒళ్ళో పెట్టుకుంది. మూతి మీద గుడ్డని వేళ్ళతో తడిమింది. ఎండలోకి వంచి చూసింది. మళ్ళీ తడిమింది.

"ఇది తెల్లది కదరా."

 ఆ గుడ్డ ఎర్రమందారం అంత ఎర్రగా ఉంది. పట్టపగలు, అరుగు మీద, నెత్తిమీద సూర్యుడుండగా ఆవిడ దాన్ని తెల్లది అంది. తాత గ్లాసు దించేశాడు. నాకప్పుడు కొన్ని గుర్తుకొచ్చాయి. ఉప్పుకుండ కోసం మామ్మ గోడ తడమడం. నూనె కాగిందో లేదో చూడకుండా అరచెయ్యి పైన పెట్టి పట్టడం. సూదిలో దారం నాచేత ఎక్కించుకోవడం. చీకటి వంటింట్లో, పొగలో, ఆ పీట మీద ఆవిడ ఎప్పుడూ చూపుతో వండలేదు. ఇల్లంతా తాత కంట్లోకి చూస్తుంటే ఈవిడ కళ్ళలోకి ఎవరూ చూడలేదు.

నేను నోరు తెరిచాను. "కాదు మామ్మా, ఇది..."

అమ్మ వచ్చి నా భుజం నొక్కింది. గట్టిగా. గోళ్ళు దిగాయి.

"తెల్లదేనత్తా" అంది. "పొగకి మాసిపోయి ఎర్రబడినాది. వాడికేటి తెలుసు. దసరాకి సున్నాలేసినప్పుడు కుండలు దించి ఎత్తింది నానే. అటుది ఇటూ ఇటుది అటూ ఎట్టీసినాను. గుడ్డలు కూడా మార్చి కట్టీసినాను కామోసు. తప్పు నాదే."

మామ్మ ఆ గుడ్డ ముడి దగ్గరే వేళ్ళుంచి కూర్చుంది. ఆ ముడి ఆవిడే వేసింది. ఆవిడ ముడి వేస్తే ఎవరూ విప్పలేరని మా ఇంట్లో సామెత. అమ్మ అబద్ధం ఎంతసేపు నిలబడుతుందో నాకు తెలియలేదు. 

"మార్చీసినావా?" అంది మామ్మ.

"మార్చీసినానత్తా."

"మరి సెప్పాలి కదే."

"మరిసిపోనాను."

మామ్మ కుండని అమ్మ వైపు జరిపింది. "ఇకమీదట కుండలు నువ్వే దించు. నాకు నడుం వొంగట్లేదు."

అంతే అంది. తర్వాత తాత వైపు తిరిగి ఆయన్ని తిట్టడం మొదలెట్టింది. ఆ తిట్లు ఊళ్ళో ఇంకా వినపడుతున్నాయి. అంత లేదుగాని, పక్కింటావిడ గోడెక్కి విన్నది. మొక్కు తానే చేజేతులా చెడగొట్టుకుంది కాబట్టి మొదటినుంచీ మళ్ళీ ఆదివారాలు పట్టాలంది మామ్మ. "ఈసారి నాను పడతానత్తా" అంది అమ్మ. ఎవరి కళ్ళకోసమో అమ్మ చెప్పలేదు, మామ్మ అడగలేదు. తాత ఒక్కడే గగ్గోలు పెట్టాడు, తన కన్ను ఎప్పుడో బాగుపడిపోయిందని. బాగుపడి నాలుగు వారాలైందట. ఉల్లి వడియాలు ఆగిపోతాయని చెప్పలేదట.

పెరట్లో అమ్మ కట్టిన పొయ్యి వెలగనేలేదు. అందులో మా నల్లకోడి గుడ్లు పెట్టి పొదిగింది.

ఆ మధ్యాహ్నం నుంచి వంటింట్లో ఏర్పాటు మారింది. అమ్మ గుమ్మం బయట ఆగడం మానేసి మామ్మ పక్కనే కూర్చునేది. "అత్తా, ఇది ఉప్పు", "అత్తా, మంట తగ్గించీనాను" అని నోటితో చెప్తూ అందించేది. ఉల్లిపాయ తిప్పే వేళ మాత్రం మామ్మదే. చెవితో వినేది. చిటపట తగ్గి గొంతు మారగానే, "తిప్పీయే" అనేది. ఒక్కసారి కూడా మాడలేదు. వీధిలోంచి ఎవరైనా వచ్చి, కోడలు వంటింట్లో కూర్చుందేమిటని అడిగితే, "దొంగముండ, కుండలు మార్చీస్తాది. కళ్ళెదురుగా కూకోబెట్టుకున్నాను" అనేది మామ్మ. అమ్మ తలదించుకుని నవ్వుకునేది.

ఈ కథని నేను చాలామందికి చెప్పాను. చెప్పినప్పుడల్లా దొంగని పట్టుకున్నది నేనే. అమ్మ పెద్దదైపోయాక, ఒక సాయంత్రం నా ఎదురుగానే మా పిల్లలకి ఇది చెప్తూ నన్ను నేను బాగా పొగుడుకుంటుంటే, అమ్మ ఉల్లిపాయ పొట్టు తీస్తూ, "నాకు రెండో ఆదోరమే తెలుసురా" అంది.

"ఎలగ?"

"మూకుడు తోమింది ఎవులు? అడుగున ఉల్లిపాయ ముక్కలు అంటుకుపోయి ఉండీవి."

"మరి అన్ని మాటలు పడి ఊరుకున్నావా? పొయ్యి కూడా కట్టీసినావు!"

అమ్మ పొట్టంతా ఒక పక్కకి ఊడ్చింది. "సెప్తే ఏటౌతాది? నాను గెలిచీస్తాను. ఆవిడ పొయ్యికాడనించి లెగిసిపోతాది. పొయ్యి నేని ఆ మడిసిని ఇంట్లో ఎక్కడ కూకోబెడతాం?"

అంటే నేను అరిచేసరికి తాతకి తెలుసు, అమ్మకి తెలుసు. మామ్మకి? నాకు ఇప్పుడు ఆవిడ మీద కూడా అనుమానమే. అంత ముక్కున్న మనిషికి, వాసన తన మూకుట్లోంచే లేస్తోందని ఇన్ని ఆదివారాలు తెలియకుండా ఉంటుందా? తెలిసి, కళ్ళు పోతున్నాయని ఒప్పుకోవడం కంటే కోడలు దొంగ అనుకోవడం తేలికై, అటు చూసిందేమో. తేల్చి చెప్పలేను. ఆ ఇంట్లో ఏమీ తెలియనివాణ్ణి మాత్రం ఒక్కణ్ణే, గూఢచారిని.

ఎండలు ముదరకముందే నాన్న మామ్మని విజయనగరం తీసుకెళ్ళి కళ్ళకి ఆపరేషన్ చేయించాడు. అన్నాళ్ళూ ఇద్దరూ అమ్మ పుట్టింట్లోనే ఉన్నారు. కట్లు విప్పాక సీసా అడుగంత మందం అద్దాలిచ్చారు. బండి దిగి ఇంట్లోకి వస్తూనే మామ్మ ఎవరినీ పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూర్చుంది. మేమంతా గుమ్మంలో నిలబడ్డాం. పొయ్యి వైపు చూస్తుందనుకున్నాం, అటక వైపు చూస్తుందనుకున్నాం. పక్కన కూర్చుని నిప్పు రాజేస్తున్న అమ్మ గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. చాలాసేపు చూసింది. అద్దాల వెనక ఆ కళ్ళు ఎంతో పెద్దవిగా ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఇలగే ఉన్నావేటే నువ్వు?" అంది.

"ఇలగే ఉన్నానత్తా" అంది అమ్మ.

ఈ రెండు మాటల్లో నేను ఒక్క అక్షరం కలపలేదు. ఎన్నోసార్లు కలుపుదామని చూశాను. ఎక్కడా పట్టలేదు.